డీజిల్ ఒక మనిషి పేరు

(వ్యాసకర్త బోయిన్‌పల్లి హాస్టల్ పూర్వ విద్యార్థి, ప్రస్తుతం ఎం.ఎస్సీ. ఫిజిక్స్)



కిందటి దసరా సెలవులకు ముందు, ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ చదువుతున్న మన హాస్టల్ తమ్ముడొకడు నా దగ్గరకు వచ్చి ఒక సలహా అడిగాడు. వాళ్ళ మేనమామ పొలానికి పోయి రావడానికి ఒక పాత జీపు కొనాలనుకుంటున్నాడట. ఊరి నుండి పొలానికి రోడ్డు లేదు. ఒక వాగు, రెండు గుట్టలు, వానాకాలంలో మోకాలి లోతు బురద. బేరానికి రెండు జీపులు వచ్చాయి. ఒకటి పెట్రోలుది, ఒకటి డీజిల్‌ది. ధర ఇంచుమించు ఒకటే. ఏది తీసుకోమంటావన్నా అని ప్రశ్న.

నేను వెంటనే జవాబు చెప్పకుండా, డీజిల్ అన్న మాట ఎక్కడి నుండి వచ్చిందో తెలుసా అని ఎదురు ప్రశ్న వేశాను. అది నూనె పేరు కదా అన్నాడు. నవ్వకండి. డిగ్రీ రెండో సంవత్సరం వరకు నేనూ అలాగే అనుకున్నాను. మా బాపు ఇరవై ఏళ్ళు జీపు నడిపాడు, ఆయనకూ తెలియదు. రోజూ మన నోట్లో నానే ఆ మాట ఒక మనిషి ఇంటిపేరు. ఆ మనిషి కథ తెలిస్తే మేనమామ జీపు ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. అందుకే ఈ వ్యాసం.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతం నుండి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చినవాడు. పారిస్‌లో తోలు వస్తువులు తయారు చేసి అమ్మేవాడు. ఆ సరుకును చిన్న తోపుడు బండిలో పెట్టుకుని కొన్నవాళ్ళ ఇళ్ళకు చేర్చడం కొడుకు పని. చదువులో మాత్రం ఆ పిల్లవాడు ముందుండేవాడు.

1870లో ఫ్రాన్సుకూ జర్మన్ రాజ్యాలకూ యుద్ధం వచ్చింది. పారిస్‌లో ఉన్న జర్మన్లు వెళ్ళిపోవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ పని సరిగా దొరకలేదు. పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో బంధువుల ఇంటికి పంపించేశారు. ఆ ఇంటాయన క్రిస్టాఫ్ బార్నికెల్ అక్కడి పాఠశాలలో లెక్కల మాస్టారు. ఆయన దగ్గర ఉండి ఆయన బడిలోనే చదువుకున్నాడు. మనలో చాలామంది అయిదో తరగతి కాగానే ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్ మెట్లు ఎక్కినవాళ్ళమే. మొదటి వారం ఎలా గడుస్తుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

పద్నాలుగేళ్ళ వయసులో, తాను ఇంజనీరు కావాలనుకుంటున్నానని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. ఇంట్లో వాళ్ళకు మాత్రం అతను త్వరగా పనిలో చేరి నాలుగు రాళ్ళు సంపాదిస్తే బాగుండునని ఉంది. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చదవడానికి స్కాలర్‌షిప్ దొరికినప్పుడు, వాళ్ళకు ఇష్టం లేకపోయినా వెళ్ళి చేరాడు. డిగ్రీ అయ్యాక పీజీలో చేరతానని నేను ఇంటికి ఫోన్ చేసిన రోజు, అవతల బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఆ తర్వాత ఇంకో చదువు ఉంటుందని వాళ్ళు అనుకోలేదు. డీజిల్ జీవితచరిత్రలో ఈ ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు బయటకు వెళ్ళి వచ్చాను.

మ్యూనిక్‌లో అతనికి పాఠం చెప్పిన గురువు కార్ల్ ఫాన్ లిండే. చల్లదనాన్ని పుట్టించే యంత్రాలు తయారు చేసి పేరు పొందిన శాస్త్రవేత్త. ఆయన ఒకరోజు క్లాసులో ఆవిరి యంత్రం ఎంత దుబారా యంత్రమో వివరించాడు. బొగ్గులో ఉన్న వేడిలో నూటికి పది పాళ్ళ లోపే పనిగా మారుతుంది. మిగతాదంతా పొగగొట్టం పాలు. మరి వేడిని అంతకంటే ఎక్కువగా పనిగా మార్చే యంత్రం ఎందుకు ఉండకూడదని ఆ కుర్రవాడికి తోచింది. నోట్సు అంచున ఆ సంగతి రాసుకున్నాడు. తర్వాత పదిహేనేళ్ళ జీవితం ఆ ఒక్క ఆలోచన చుట్టూ తిరిగింది. చివరి పరీక్షల సమయానికి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడు. ఆలస్యంగా 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యధిక మార్కులతో ఉత్తీర్ణుడయ్యాడు.

ఆ తర్వాత పదేళ్ళు పారిస్‌లో లిండే మంచు యంత్రాల వ్యాపారం చూశాడు. 1883లో మార్తా అనే ఆమెను వివాహమాడాడు. ముగ్గురు పిల్లలు. ఖాళీ సమయంలో అమ్మోనియా ఆవిరితో నడిచే యంత్రం చేయబోయాడు, అది ఫలించలేదు. 1890లో బెర్లిన్ చేరాడు.

ఇక అసలు విషయం. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. దీన్ని మనమంతా ఎరుగుదుము, పట్టించుకోము. డీజిల్ పట్టించుకున్నాడు. అప్పటికే 1876లో నికొలాస్ ఆటో అనే జర్మన్ నాలుగు స్ట్రోకుల ఇంజను తయారు చేశాడు. మన పెట్రోలు బండ్ల ఇంజను దాని సంతానమే. అందులో ఇంధనం, గాలి ముందే కలిసి సిలిండరులోకి వెళ్తాయి, నిప్పురవ్వ వాటిని మండిస్తుంది. కలిసిన మిశ్రమాన్ని మరీ గట్టిగా నొక్కితే రవ్వ రాకముందే తనంతట తానే పేలుతుంది. కాబట్టి ఒక హద్దు దాటి నొక్కడానికి లేదు. సాధారణంగా ఎనిమిది, పది, మహా అయితే పన్నెండు వంతులు. డీజిల్ ఏం చేశాడంటే సిలిండరులోకి ఒట్టి గాలినే పంపాడు. దాన్ని ఎంత నొక్కినా మండడానికి అందులో ఏమీ లేదు. పదహారు, ఇరవై వంతులు నొక్కితే గాలి అయిదారు వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. అప్పుడు ఇంధనాన్ని పిచికారీ చేస్తే దానంతట అదే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్గు అక్కరలేదు. ఎంత ఎక్కువ నొక్కితే అంత ఎక్కువ వేడి పనిగా మారుతుంది. ఐటీఐ తమ్ముడూ, నీ ట్రేడ్ మొత్తం ఈ నాలుగు వాక్యాల్లోనే ఉంది.

1892లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, మరుసటి సంవత్సరం వచ్చింది. ఆగ్స్‌బర్గ్‌లోని యంత్రాల ఫ్యాక్టరీ, క్రుప్ సంస్థ పెట్టుబడి పెట్టాయి. 1893 ఆగస్టు 10న మొదటి ప్రయోగం జరిగింది. విచిత్రమేమంటే ఆ రోజు లోపలికి పంపింది పెట్రోలే. ఒక్కసారిగా పేలి, ఒత్తిడిని కొలిచే పరికరం ఎగిరిపోయింది. దగ్గర ఉన్నవాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. అయితేనేం, నొక్కిన గాలి వేడికే ఇంధనం మండుతుందని రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తన శక్తితో తాను ఒక నిమిషం పాటు తిరిగింది. మొత్తం 88 చుట్లు. ఆ 88 చుట్లకు ముందు ఎన్ని నెలల రాత్రులు పోయాయో ఆలోచించండి. సరిగ్గా మూడేళ్ళకు, 1897 ఫిబ్రవరి 17న, ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ సమక్షంలో అధికారిక పరీక్ష జరిగింది. ఇంధనపు వేడిలో 26.2 శాతం పనిగా మారిందని తేలింది. ఆనాటి లోకంలో అంత పొదుపైన యంత్రం మరొకటి లేదు.

అతను ఈ యంత్రాన్ని ఎవరి కోసం ఊహించుకున్నాడో కూడా చెప్పాలి. పెద్ద ఫ్యాక్టరీకి ఆవిరి యంత్రం, బాయిలరు పెట్టుకునే స్తోమత ఉంది. చేనేతవాడికీ, చిన్న కమ్మరి కొలిమికీ లేదు. అందువల్ల చిన్న పనివాడు ఫ్యాక్టరీ ముందు నిలవలేక కూలీ అవుతున్నాడు. చిన్న ఇంజను ఉంటే వాడు తన ఇంట్లోనే నిలబడగలడని డీజిల్ ఆశ. 1903లో సమాజంలో అందరూ కలిసి ఎలా బతకాలన్న విషయం మీద ఒక పుస్తకం కూడా ప్రచురించాడు. అది చాలా కొద్ది ప్రతులే అమ్ముడుపోయింది.

జరిగింది మాత్రం వేరు. 1897 నాటి ఆ ఇంజను బరువు సుమారు నాలుగున్నర టన్నులు. శక్తి ఇరవై గుర్రాల లోపు. ఇంధనాన్ని లోపలికి ఊదడానికి గాలిని విపరీతంగా నొక్కే ఇంకో యంత్రం కావాలి. అంత బరువు ఏ కమ్మరి కొట్టంలో పెడతారు, ఏ బండి మోస్తుంది? అది కరెంటు కేంద్రాలకూ, ఓడలకూ పనికొచ్చింది. 1912లో సెలాండియా అనే డెన్మార్కు ఓడ డీజిల్ ఇంజన్లతో సముద్రాలు దాటి పేరు తెచ్చుకుంది. జలాంతర్గాములు వాటిని అమర్చుకున్నాయి. లారీకి పట్టే చిన్న ఇంజను కోసం 1908 ప్రాంతంలో అతను చేసిన ప్రయత్నం నిలవలేదు. తన ఇంజను రోడ్డు మీద నడవడం డీజిల్ కళ్ళారా చూసుకోలేకపోయాడు.

ఈలోగా పెట్రోలు ఇంజను తేలికగా, చురుకుగా తయారై కార్లనూ విమానాలనూ ఎక్కేసింది. బండ్లకు డీజిల్ ఇంజను రావడానికి 1923 దాకా ఆగవలసి వచ్చింది. జర్మనీలో ఆ యేడు డీజిల్ లారీలు తయారయ్యాయి. 1927లో బాష్ కంపెనీ ఇంధనాన్ని కొలిచి చిమ్మే పంపును పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక గాలి యంత్రం బరువు తప్పింది. 1931లో క్యాటర్‌పిల్లర్ కంపెనీ డీజిల్ ట్రాక్టరును అమ్మకానికి తెచ్చింది. మట్టిలో నడిచే బండికి డీజిల్ అన్న ముద్ర అక్కడి నుండి పడింది.

రోడ్డు లేని చోట ఏది మేలన్న ప్రశ్నకు రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాలు రెండు రకాల జవాబులు చెప్పాయి. రష్యావాళ్ళ టీ-34 ట్యాంకుకు 500 గుర్రాల డీజిల్ ఇంజను పెట్టారు. జర్మన్లు, తమ దేశంలో పుట్టిన డీజిల్‌ను పక్కన పెట్టి, ట్యాంకులు పెట్రోలుతోనే నడిపారు. అమెరికావాళ్ళ విల్లీస్ జీపుకు 60 గుర్రాల పెట్రోలు ఇంజను. తేలిక బండి కావాలి, నలుగురు మనుషులు ఎత్తి బురదలోంచి లాగేలా ఉండాలి, చలిలో వెంటనే స్టార్టు కావాలి. దానికి పెట్రోలే తగింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో మహీంద్రావాళ్ళు మన దేశంలో బిగించడం మొదలుపెట్టినవి ఆ జీపులే. చాలా ఏళ్ళ తర్వాత ప్యూజో డిజైను డీజిల్ ఇంజను వాటిలోకి వచ్చింది. మన సైన్యం మాత్రం 1990లలో మారుతి జిప్సీని తీసుకుంది. అది పెట్రోలు బండి, బరువు టన్నుకు అటూ ఇటూ. మన హాస్టల్ చుట్టూ ఉన్నది కంటోన్మెంటు కాబట్టి ఆ ఆకుపచ్చ జిప్సీలను చూసి పెరిగినవాళ్ళు మనలో ఉన్నారు. మంచు కొండల్లో డీజిల్ నూనె మైనంలా గడ్డకడుతుంది, పెట్రోలు గడ్డకట్టదు.

ఇప్పుడు మా బాపు జీపు సంగతి. మాది ఆదిలాబాద్ అడవి అంచు ఊరు. బోయిన్‌పల్లి మీదుగా నాగపూర్ పోయే హైవే ఎక్కితే మా ఇంటి దారే. బాపు మొదట కిరాయికి నడిపి, 2008లో అప్పు చేసి సొంతంగా ఒక పాత మిలిటరీ జీపు కొన్నాడు. పెట్రోలు ఇంజను. స్టార్టు చేస్తే చప్పుడే ఉండేది కాదు. నాకు ఆరేళ్ళు, దాని పక్కన నిలబడితే నేనే దొరను. కానీ గుట్ట దారిలో లీటరుకు ఆరేడు కిలోమీటర్లు. వాగులో దిగితే డిస్ట్రిబ్యూటరు తడిసి నడి నీళ్ళలో ఆగిపోయేది. ఒక వానాకాలం సాయంత్రం పన్నెండు మంది ప్యాసింజర్లు వాగులో దిగి తోయవలసి వచ్చింది. అందులో ఒక బాలింత ఉంది. ఆ రాత్రి బాపు అన్నం తినలేదు.

మరుసటి ఏడు మళ్ళీ అప్పు చేసి పెట్రోలు ఇంజను తీయించి పాత డీజిల్ ఇంజను బిగించాడు. బరువు పెరిగింది కనుక ముందు కమాన్ పట్టీలు అదనంగా వేయించాడు. ఇంజను మార్చిన సంగతి ఆర్సీ పుస్తకంలో ఎక్కించాలి. దానికి తిరిగిన తిరుగుడు వేరే కథ. అమ్మ గాజులు కుదువ పెట్టింది అప్పుడే. కానీ జీపు లీటరుకు పన్నెండు దాటింది. ఆ రోజుల్లో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరుకు పది రూపాయల పైన తేడా. మొదటి గేరులో కాలు తీసేసినా గుట్ట ఎక్కేది, ఎందుకంటే డీజిల్ ఇంజను తక్కువ చుట్లలోనే ఎక్కువ బలం ఇస్తుంది. స్పార్కు లేదు కనుక వాగులో తడిసి ఆగేది ఏమీ లేదు. అయితే గాలి తీసుకునే గొట్టంలోకి నీళ్ళు పోతే డీజిల్ మరీ ప్రమాదం. నీళ్ళు నొక్కుడు పడవు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బాపు ఆ గొట్టాన్ని బానెట్టు పైకి కట్టుకున్నాడు. నా పుస్తకాలు, బట్టలు, బస్సు ఛార్జీలు ఆ మిగులులోంచే వచ్చాయి.

అన్నీ మంచే చెబితే అబద్ధమవుతుంది. ఆ జీపు వెనక వేలాడి బడికి పోయిన పిల్లలం ఇంటికి వచ్చేసరికి ముక్కు తుడుచుకుంటే నల్లగా వచ్చేది. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2012లో తేల్చింది. ధరల తేడా కూడా తర్వాత కరిగింది. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేసింది. 2020లో కొత్త పొగ నిబంధనలు వచ్చాక మారుతి కంపెనీ డీజిల్ కార్లే మానుకుంది. కొత్త డీజిల్ ఇంజన్లలో కంప్యూటరు, సెన్సార్లు ఉన్నాయి. వాగులో నీళ్ళు తగిలితే అవీ మొరాయిస్తాయి, ఊరి మెకానిక్ విప్పలేడు.

డీజిల్ ఇంజను గురించి ఇంకో మాట. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. దాన్ని నడిపింది డీజిల్ అనీ, ఇంజనును ఆ నూనె కోసమే తయారు చేశాడనీ చాలాచోట్ల రాస్తారు. అది నిజం కాదు. నడిపింది ఆటో పేరున ఉన్న కంపెనీ. అడిగింది ఫ్రెంచి ప్రభుత్వం. డీజిల్ తర్వాతి కాలంలో ఆ విషయం మీద ఆసక్తి చూపాడు. మా జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం మహిళలు కానుగ గింజల నూనెను డీజిల్‌కు బదులుగా వాడే పని చేపట్టారు. అలా తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. మన బోయిన్‌పల్లి మార్కెట్ యార్డులోనే కుళ్ళిన కూరగాయల నుండి గ్యాసు తీసి కరెంటు చేయడం చూశాం. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పద్ధతి అది. గింజల నూనె, కుళ్ళిన టమాట, ఏదైనా మండేదే. పారేసే వేడిని చూసి బాధపడ్డ ఆ మ్యూనిక్ విద్యార్థి ఈ మార్కెట్ గేటు దగ్గర నిలబడితే సంతోషించేవాడని నాకు అనిపిస్తుంది.

అతని చివరి రోజులు బాగా లేవు. పేటెంటు హక్కులు అమ్మి లక్షల మార్కులు సంపాదించాడు. మ్యూనిక్‌లో పెద్ద బంగళా కట్టాడు. మరోవైపు పేటెంటు తగాదాలు, తలనొప్పులు. 1898లో మనసు చెదిరి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. స్థలాల వ్యాపారంలో, ఇతర పెట్టుబడుల్లో డబ్బు పోయింది. ప్రపంచమంతటా తన ఇంజన్లు తిరుగుతుంటే తాను వడ్డీలు కట్టలేని స్థితికి వచ్చాడు. ఇంట్లో వాళ్ళకు నిజం చెప్పలేదు.

1913 సెప్టెంబరు 29 రాత్రి, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇంగ్లండులో కంపెనీ సమావేశానికి వెళ్తున్నాడు. భోజనం చేసి, పొద్దున ఆరుంబావుకు లేపమని చెప్పి గదిలోకి వెళ్ళాడు. పొద్దున గదిలో లేడు, పక్క నలగలేదు. కోటు మడతపెట్టి డెక్కు మీద ఉంది. పది రోజుల తర్వాత డచ్చి పడవవాళ్ళకు సముద్రంలో ఒక శవం కనిపించింది. జేబులోని వస్తువులు తీసుకుని, ఆనాటి ఆచారం ప్రకారం శవాన్ని తిరిగి నీళ్ళకే వదిలారు. ఆ వస్తువులు తండ్రివేనని కొడుకు గుర్తుపట్టాడు. డైరీలో ఆ తేదీ దగ్గర చిన్న శిలువ గుర్తు ఉంది. బయలుదేరే ముందు భార్యకు ఒక సంచి ఇచ్చి, వారం తర్వాత తెరవమన్నాడు. అందులో 20 వేల మార్కుల నగదు, ఖాళీ అయిన ఖాతాల కాగితాలు దొరికాయి. శత్రువులు చంపారనీ, ఇంకేదో జరిగిందనీ కథలు చాలా ఉన్నాయి. ఆ సంచి గురించి చదివాక నాకు ఆ కథలు నమ్మబుద్ధి కాలేదు. అప్పటికి అతని వయసు 55.

మేనమామ జీపు విషయంలో తమ్ముడికి నేను చెప్పింది ఇది. రోజూ బరువు మోసి, గుట్ట ఎక్కి, వాగు దాటాలంటే పంపు ఇంజను ఉన్న పాత డీజిల్ తీసుకోండి. గాలి గొట్టం పైకి కట్టండి. పిల్లల్ని వెనక వేలాడనివ్వకండి. వారానికి ఒకసారి పొలం చూసి రావడానికైతే పెట్రోలు చాలు, ఆ ఇంజను మరమ్మతు చవక. అప్పు చేసి కొనేదైతే నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో ముందు కాగితం మీద లెక్క వేయించు. వాళ్ళు డీజిల్ తీసుకున్నారు.

ఆ దసరాకు ఊరికి వెళ్ళినప్పుడు బాపుకు ఈ కథంతా చెప్పాను. జీపు అమ్మేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు ఆయన ట్రాక్టరు నడుపుతున్నాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని విన్నాడు. నొక్కిన గాలి వేడెక్కుతుందన్న చోట తల ఊపాడు, అది ఆయనకు తెలిసిన సంగతే. సముద్రం దగ్గరకు వచ్చేసరికి బీడీ ఆర్పేశాడు. కాసేపాగి, మరి ఆ అప్పులు ఎవరు కట్టినరు బిడ్డా అని అడిగాడు. ఉన్న ఆస్తులు పోయాయనీ, పెళ్ళాం పిల్లలకు పెద్దగా ఏమీ మిగలలేదనీ చెప్పాను. బాపు లేచి, పొద్దున దున్నకానికి పోవాలని, ట్రాక్టరులో నూనె ఎంత ఉందో చూడడానికి టార్చి పట్టుకుని వెళ్ళాడు.